అడ్డుగోడల కథ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దవాళ్ళు. కట్టిన ఇంట్లో గోడ కొట్టి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. వాళ్ళ కాలంలో గోడ లేవడమే గాని కూలడం తక్కువ. అన్నదమ్ములు వేరుపడితే వాకిట్లో ఒక గోడ లేచేది. కోర్టుకెక్కితే పెరట్లో ఇంకోటి లేచేది. ఇప్పుడు కాలం తిరగబడింది. ఎవరింటికి వెళ్ళినా హాలుకీ వంటింటికీ మధ్య గోడ కనపడదు. ఇదేమిటమ్మా అంటే, ‘ఓపెన్ కిచెన్ అండీ’ అంటారు. కొత్త ఫ్లాట్ల సంగతి సరే, తాతల నాటి డాబాల్లో కూడా సమ్మెటలు పట్టుకుని బయల్దేరారు.

ఈ వేడుక ఎక్కడ పుట్టింది, ఎవరు మొదలెట్టారు అని నాకు కుతూహలం కలిగి కొన్నాళ్ళపాటు పుస్తకాలు తిరగేశాను. తేలిందేమిటంటే ఇది కొత్త వింతేం కాదు. మనిషి మొదట ఒకే గదిలో బతికాడు. తర్వాత గోడలు కట్టుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ పడగొట్టుకుంటున్నాడు. మధ్యలో నడిచిన కథే బలే పసందుగా ఉంది.

మనం ‘హాలు’ అంటున్నామే, ఆ మాట ఇంగ్లీషు వాళ్ళది. వాళ్ళ పాతకాలంలో హాలంటే ఇంట్లో ఒక గది కాదు, దాదాపు ఇల్లంతా అదే. నట్టింట్లో పొయ్యి మండుతుండేది. పొగ పైకప్పు సందుల్లోంచి పోయేది. దొరా, దొరసానీ, నౌకర్లూ అందరూ అక్కడే భోజనాలు. దొర ఒక చివర కాస్త ఎత్తు వేదిక మీద కూర్చునేవాడు, అంతే తేడా. చాలామంది రాత్రి అక్కడే పక్కలు వేసుకునేవారు. 16వ శతాబ్దంలో ఇటుక పొగగొట్టాలు మామూలు ఇళ్ళల్లోకి కూడా వచ్చాయి. పొగకి దారి దొరికేసరికి హాలు మీద ఇంకో అంతస్తు వెయ్యడానికి వీలయింది. అంతస్తు వచ్చాక గదులు, గదులు వచ్చాక తలుపులు, తలుపులు వచ్చాక నౌకర్లు ఎదురుపడకుండా తిరగడానికి వేరే నడవాలు! అలా గోడమీద గోడ లేచి, ఆఖరికి వాళ్ళ హాలు వీధి తలుపు పక్కన కోటు తగిలించుకునే చోటంత అయిపోయింది. మాట మాత్రం మన దాకా వచ్చి, ఇంటికి ముందుగదై కూర్చుంది.

మన ఇళ్ళ సంగతి వేరు. రాయలసీమ మిద్దె చూడండి. చుట్టూ గోడ ఎంత లావున్నా లోపల కప్పు బరువు మోసేవి కర్ర స్తంభాలు. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలో నాపరాళ్ళో పరిచి, ఆపైన వాన దిగకుండా చవుడు మట్టి. లోపల గది కావాలంటే రెండు స్తంభాల మధ్య ఓ అడ్డం కట్టుకోవడం, వద్దనుకుంటే తీసెయ్యడం. గోదావరి వైపు మండువా లోగిళ్ళల్లో కూడా మండువా చుట్టూ నాలుగు వైపుల వసారా కప్పు స్తంభాల మీదే నిలుస్తుంది. పూరింటికైతే నిట్రాటే దిక్కు. జపాను వాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారు. కప్పు భారమంతా కర్ర స్తంభాలకి అప్పగించి, గదుల మధ్య కాగితపు తలుపులు పెట్టుకున్నారు. పక్కకి తోస్తే రెండు గదులు ఒకటి. పెళ్ళికి నలుగురొస్తే నాలుగు గదులూ ఒకటే.

అంటే మోసే పని ఒకరిదీ, అడ్డంగా నిలబడే పని ఇంకొకరిదీ అన్నమాట. ఈ రెండు పనులూ ఒకే గోడ నెత్తిన పెడితేనే చిక్కు. ఇటుక గోడ మీద నేరుగా కప్పు వేసే ఇళ్ళన్నిట్లో చిక్కు ఇదే. ఎత్తు పెరిగేకొద్దీ కింద గోడ లావెక్కాలి. అమెరికాలో షికాగో నగరంలో మొనాడ్నాక్ అనే భవనం ఉంది. దాని మొదటి భాగం 1891లో 16 అంతస్తులు ఇటుక గోడల మీదే లేపారు. అడుగున ఆ గోడల మందం దాదాపు 6 అడుగులు! గోడ కోసం ఇల్లా, ఇంటి కోసం గోడా అన్నట్టుంటుంది. అదే ఊళ్ళో అంతకు ముందే, 1885లో, జెన్నీ అనే ఇంజనీరు 10 అంతస్తుల హోమ్ ఇన్సూరెన్సు భవనాన్ని లోహపు చట్రం ఆధారంగా కట్టి చూపించాడు. బరువు చట్రం మీదికి వెళ్ళిపోయేసరికి గోడ ఊపిరి పీల్చుకుంది.

ఇంకో పక్క ఫ్రాన్సులో మోనియే అనే తోటమాలి సిమెంటు తొట్లు పగిలిపోతున్నాయని వాటి లోపల ఇనుప తీగెల వల పెట్టి, 1867లో పేటెంటు తీసుకున్నాడు. పూలకుండీ కోసం పుట్టిన ఆలోచన! 1892లో ఎన్నెబిక్ అనే ఆయన అదే పద్ధతిలో స్తంభం, దూలం, పలక మూడూ కలిపి పోసే విధానానికి పేటెంటు పొందాడు. ఈనాడు మన వీధి చివర సెంట్రింగు పనివాళ్ళు పోస్తున్న స్లాబుకి వంశవృక్షం గీస్తే, అది వెళ్ళి వెళ్ళి ఆ తోటమాలి దగ్గర తేలుతుంది.

ఆ 1867లోనే అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే మగశిశువు జన్మించాడు. పెద్దయి ఇళ్ళు కట్టే పెద్దమనిషి అయ్యాడు. ఇల్లంటే పెట్టెలో పెట్టెలు సర్దినట్టు ఉండకూడదనీ, ఆ పెట్టెను పగలగొట్టాలనీ ఆయన పట్టుదల. మూలల్లో గోడలు తెరిచాడు, కూర్చునే గదీ భోజనాల గదీ కలిపేశాడు. 1937లో మాడిసన్ అనే ఊళ్ళో ఒక పత్రికా విలేఖరి కుటుంబానికి దాదాపు 5,500 డాలర్లలో చిన్న ఇల్లు కట్టిపెట్టాడు. ఆ ఇంట్లో నౌకర్లు ఉండరు. ఇల్లాలే వండుకోవాలి, ఇల్లాలే పిల్లల్ని కనిపెట్టుకోవాలి. అందుకని వంటచోటుని ఎక్కడో వెనక మూల కాకుండా భోజనాల బల్ల పక్కనే, ఇంటి నడిబొడ్డున పెట్టాడు. నౌకరు పోయాక గాని వంటింటి గోడ కదల్లేదన్నమాట! వండేది ఎవరో అయినంతకాలం గోడ బాగానే కనిపించింది అందరికీ.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం హాలండులో ఉట్రెక్ట్ ఊరి ఇల్లు. ట్రూస్ ష్రోడర్ అనే ఆవిడకి 1923లో భర్త పోయాడు. ముగ్గురు పిల్లలు. ఆవిడ రీట్‌వెల్డ్ అనే వడ్రంగి కొడుకుని, తనూ కుర్చీలూ బల్లలూ చేసేవాడే, పిలిచి ఇల్లు కట్టమంది. మేడ మీద గోడలు వద్దంది. పిల్లలు పెద్దవాళ్ళ మాటల మధ్య పెరగాలని ఆవిడ కోరిక. 1924లో ఇల్లు లేచింది. పగలు మేడంతా ఒకటే గది. రాత్రి పలకలు పక్కకి తోస్తే ఎవరి గది వాళ్ళకి. అయితే గోడల్లేని అంతస్తుకి ఊరి నిబంధనలు ఒప్పుకోవు. ఏం చేశారనుకున్నారు? నక్షాలో మేడని ‘అటక’ అని రాశారు! అటకకి గదులుండాలని ఎవరడుగుతారు? మున్సిపాలిటీ వాళ్ళని ఏమార్చే విద్య మన ఒక్కళ్ళదే అనుకునేదాన్ని. ఆవిడ 1985లో, 95 ఏళ్ళ వయసులో పోయేవరకూ ఆ ‘అటక’ ఆవిడ ఇల్లే. 2000లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

మన చండీగఢ్‌కి నక్షా గీసిన లె కార్బూజియే 1914లోనే ఒక బొమ్మ గీశాడు. పలకలు, వాటిని మోసే ఆరేసి స్తంభాలు, ఒక మెట్ల వరస, అంతే. గోడ అన్నది లేదు. గోడ మీ ఇష్టం, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోండి అన్నట్టు. ఈనాటి మన అపార్టుమెంట్లన్నీ ఆ బొమ్మకి పిల్లలే.

అలాగని దారంతా ఒకవైపే నడవలేదు. 1926లో జర్మనీలో మార్గరెట్ లిహోట్స్కీ అనే ఆవిడ ఫ్రాంక్‌ఫర్ట్ ఊరి కొత్త ఇళ్ళకి ఒక వంటిల్లు తయారుచేసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. ఇల్లాలు ఎన్ని అడుగులు వేస్తోందో, ఏ పనికి ఎంతసేపు పడుతోందో లెక్కగట్టి, చెయ్యి చాపితే అన్నీ అందేలా అమర్చింది. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. శ్రమ తగ్గిన మాట నిజం. కాని తర్వాతి తరం ఆడవాళ్ళు, ఆ గదిలో ఒక్క మనిషికే చోటుంది, ఆ ఒక్క మనిషీ నేనే అని వాపోయారు. మేలు చెయ్యబోయి పెట్టెలో పెట్టినట్టయింది పాపం.

ఇక ఈ కథలో భయపెట్టే ఘట్టాలు. గోడని తక్కువగా చూస్తే ఏమవుతుందో 1968 మే 16 తెల్లవారుజామున లండనులో తెలిసింది. రోనన్ పాయింట్ అని 22 అంతస్తుల భవనం. జనం కాపురానికి వచ్చి దాదాపు రెండు నెలలే అయింది. ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకలు తెచ్చి ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు. గోడలే కప్పుని మోస్తాయి, విడిగా స్తంభాలు లేవు. 18వ అంతస్తులో ఒకావిడ టీ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీసింది. అప్పటికే గ్యాసు కారుతోంది. పేలుడు పెద్దదేం కాదు, ఆవిడ బతికే బయటపడింది. కాని మోసే గోడ పలక ఒకటి బయటికి ఎగిరిపోయింది. దాని మీద ఆనుకున్న పై అంతస్తులు దిగాయి, వాటి బరువుకి కింది అంతస్తులూ పోయాయి. ఆ మూల మూలంతా పేకమేడలా జారిపోయి నలుగురు చనిపోయారు. ఒక గోడ పోతే ఇల్లంతా పోకూడదనే నియమం బ్రిటన్ కట్టడ నిబంధనల్లోకి 1970లో వచ్చింది. ఆ భవనాన్ని 1986లో పడగొట్టేశారు.

దక్షిణ కొరియాలో సియోల్ నగరపు సాంపూంగ్ దుకాణం కథ ఇంకా ఘోరం. ఇంకో పనికి గీసిన నక్షాని మధ్యలో దుకాణంగా మార్చారు. ఎస్కలేటర్లకి చోటు కావాలని స్తంభాలు తీశారు, ఉన్నవాటి లావు తగ్గించారు, పైగా అయిదో అంతస్తు ఎక్కించారు. 1995 జూన్ 29న అది కూలి 502 మంది ప్రాణాలు పోయాయి. మన దేశంలో 2001 జనవరి 26న కచ్‌లో భూకంపం వస్తే, 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూడా అపార్టుమెంట్లు కూలాయి. వాటిల్లో చాలా వాటికి కార్ల కోసం కింద అంతస్తు గోడల్లేకుండా వదిలారు. పైన గోడలతో బిగువుగా ఉండి, కింద ఒట్టి స్తంభాలే ఉంటే, భూమి ఊగినప్పుడు ఆ ఊపంతా కింది స్తంభాల కాళ్ళ మీదే పడుతుంది. బరువు మొయ్యని గోడ కూడా ఊపు వచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెడుతుందన్నమాట.

ఇవన్నీ చదివి ఉండబట్టే, పోయిన ఏడాది మా అబ్బాయి “అమ్మా, హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేద్దాం” అన్నప్పుడు నేను వెంటనే సరేననలేదు. మాది మా మామగారు 1956లో కట్టించిన డాబా. గోడ మందం అడుగు పైమాటే. ఆ గోడ మా అత్తగారి మడికి సరిహద్దు. ఆ వెనకాల నేను యాభై ఏళ్ళు వండాను. మా అమ్మాయి పెళ్ళిమాటలు హాల్లోనే జరిగాయి. నేను లోపల ఇరవైమందికి పులిహోర కలుపుతున్నాను. లాంఛనాల మాట వచ్చేసరికి పోపు చిటపటల్లో నాకొక్క ముక్క వినపడలేదు. చేతులు తుడుచుకుని వచ్చి అడిగితే, “అంతా అయిపోయిందిలే” అన్నారు మా వారు. ఏం అయిపోయిందో పెళ్ళి రోజుకి గాని నాకు తెలియలేదు. అంచేత గోడ మీద నాకేమీ మమకారం లేదు. భయమల్లా దాని మీద కూర్చున్న కప్పు గురించే.

తాపీ మేస్త్రీ వచ్చి, గోడ మీద రెండు దెబ్బలు వేసి, “ఒక్క పూటలో లేపేస్తానమ్మగారూ” అన్నాడు. మా కోడలు మాత్రం, “ఉండండత్తయ్యా, ఎవరికైనా చూపిద్దాం” అని ఒక ఇంజనీరు కుర్రాణ్ణి పిలిపించింది. అతను కాఫీ తాగి, గోడ వంక చూడనే లేదు. తలెత్తి మా ఇంటి దూలాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం పాపమంటారు గాని, ఆ రోజు ఆ లెక్కే మమ్మల్ని కాపాడింది. మాది మద్రాసు టెర్రాసు. టేకు దూలాల మీద ఇటుకలు అంచున నిలబెట్టి గానుగ సున్నంతో కూర్చిన కప్పు. హాలు వైపు నుంచి 11 దూలాలు, వంటింటి వైపు నుంచి 11 దూలాలు, మొత్తం 22 కొసలు ఆ ఒక్క గోడ మీదే ఆనుకుని ఉన్నాయి! మేస్త్రీ అన్నట్టు ఒక్క పూటలో లేపేస్తే, కప్పు కూడా ఆ పూటే దిగేది.

“స్లాబు అయితే ఫరవాలేదా బాబూ?” అని అడిగాను. ఫరవాలేదనుకోవడమే ప్రమాదమన్నాడు. గోడ దాటి సాగిన స్లాబుకి గోడ నెత్తిన ఇనుము పైభాగంలో వేస్తారట, అక్కడ అది పైకి ఉబ్బాలని చూస్తుంది కనక. గోడ తీసేస్తే అదే చోట కిందికి దిగుతుంది. అప్పుడు కావలసిన ఇనుము అడుగున ఉండాలి, అక్కడేమో సరిపడా ఉండదు. పైగా దూరం పెరిగితే లెక్క మామూలుగా పెరగదు. అదే దూలం, అదే బరువు, 10 అడుగుల దూరాన్ని 20 చేస్తే దాన్ని వంచే శక్తి నాలుగింతలు, అది కిందికి దిగే దిగుడు పదహారింతలు. రెండు గదులు కలిపితే ఖర్చు రెండింతలని మనం అనుకుంటాం, కప్పు మాత్రం పదహారని లెక్క చెబుతుంది.

చివరికి ఏం చేశామంటే, 16 అడుగుల గోడలో రెండు చివర్లా మూడేసి అడుగులు అలాగే ఉంచాం. ముందు రెండు గదుల్లోనూ బల్లలు పరిచి, ఇనుప జాకీలు వరసగా నిలబెట్టి, దూలాల భారం వాటి మీదికి తీసుకున్నారు. తర్వాత గోడ నెత్తిన దూలాల కింద గాడి కొట్టి, ఇనుప గర్డర్లు రెండు దూర్చారు. వాటి కొసల కింద కాంక్రీటు దిమ్మలు పోశారు. సందుల్లో సిమెంటు బిగించి, అది గట్టిపడిందాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాతే కింద ఇటుకలు ఒక్కొక్క వరసా పైనుంచి కిందికి విప్పారు. ఒక్క పూట పని పదిహేను రోజులు పట్టింది. అన్నాళ్ళూ పెరట్లో వంట. ఆఖరి రోజున జాకీలు సడలిస్తుంటే మా వారు వీధి అరుగు మీదికి వెళ్ళి నిలబడ్డారు. నేను మాత్రం హాల్లోనే ఉన్నాను. ఇంజనీరు కుర్రాడు గర్డరు కింద దారం కట్టి చూసి, “పిసరంతే దిగిందమ్మా, అనుకున్నదానికన్నా తక్కువే” అన్నాడు.

మార్పేమిటంటారా? ఇంగువ పోపు ఇప్పుడు వీధి దాకా వినిపిస్తుంది, వాసన వస్తుంది. గిన్నెలు సర్దకపోతే వచ్చినవాళ్ళకి కనిపిస్తాయి. మడీ ఆచారం పాటించే చుట్టాలు ఒకరిద్దరు ముఖం చిట్లించారు. కాని హాల్లో ఎవరేం మాట్లాడుతున్నా నాకు వినపడుతోంది, నేనూ లోపలినుంచే జవాబు చెబుతున్నాను. ఇంకో తమాషా ఉంది. ఒక్క కాఫీ వెనక నేనెన్నిసార్లు వంగి లేస్తానో మా వారు పేపరు పక్కకి తప్పించి చూడటం మొదలెట్టారు. చూసి చూసి నెల తిరిగేసరికి గ్లాసులు తనే కడుగుతున్నారు. ఈ విషయం ఏ ఇంజనీరింగు పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

మా ఇల్లు చూసి వెళ్ళినవాళ్ళు మేస్త్రీ ఫోను నంబరు అడుగుతున్నారు. ఇస్తున్నాను, ఇవ్వకేం. కాని దానికన్నా ముందు, తలెత్తి మీ ఇంటి దూలాలు లెక్కపెట్టే మనిషిని పిలిపించుకోండి, ఆయనకి ఒక కప్పు కాఫీ ఎక్కువే ఇవ్వండి అని చెబుతున్నాను.